జవాను జేబు మందాన ముద్దపప్పు

2023 మే నెల. ఘజియాబాద్ పక్కన సాహిబాబాద్ ఇండస్ట్రియల్ ఏరియాలో, రెడీ టు ఈట్ ఆహారం తయారుచేసే ఒక చిన్న యూనిట్‌లో నేను రిటార్ట్ సూపర్‌వైజర్‌ని. రిటార్ట్ అంటే మనిషి లోపల నిలబడగలిగేంత ప్రెషర్ కుక్కర్ అనుకోండి. వండిన కూరను పౌచ్‌లో పోసి గాలి చొరకుండా సీల్ చేస్తాం. ఆ పౌచ్‌లను ట్రేలలో పేర్చి రిటార్ట్‌లోకి తోసి, నూట ఇరవై ఒక్క డిగ్రీల వేడిలో ఉంచుతాం. మామూలుగా నీళ్ళు మరిగే వేడికి చావని క్రిముల స్పోర్లు, అంటే విత్తనాల్లాంటివి, ఆ వేడికి చస్తాయి. అలా బయటికొచ్చిన రాజ్మా కూర ఫ్రిజ్ లేకుండానే ఏడాది నిలవుంటుంది.

నేను కాలేజీలో చదివింది ఇంటర్ వరకే. మావారి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం వల్ల విజయవాడ నుంచి వచ్చి ఘజియాబాద్‌లోనే వైశాలి అనే కాలనీలో స్థిరపడ్డాం. పిల్లలు బడికి వెళ్ళడం మొదలుపెట్టాక ఈ యూనిట్‌లో ప్యాకింగ్ బల్ల దగ్గర చేరాను. మిగతా చదువంతా లైబ్రరీ పెట్టింది. ఆ మాట చెప్పుకోవడం నాకు గొప్పే. ఆదివారం మెట్రో ఎక్కి ఢిల్లీలోని ఒక పబ్లిక్ లైబ్రరీకి వెళ్ళి, పక్కన నిఘంటువు పెట్టుకుని, మా మెషిన్ల గురించి దొరికినవన్నీ చదివేదాన్ని. మొదట్లో ఒక పేజీకి ఒక పూట పట్టేది.

రోజూ నా చేతుల మీదుగా వెళ్ళే పౌచ్ సైనికుడి కోసం పుట్టిందని అక్కడే తెలుసుకున్నాను. పూర్వం సైనికులు తిండిని డబ్బాల్లో మోసేవారు. డబ్బా బరువు, వీపుకి గుచ్చుకుంటుంది, మూత తెరిస్తే చెయ్యి కోసుకుంటుంది. దాని బదులు మెత్తటి సంచిలాంటిది కావాలని సైన్యాలు డబ్బు పెట్టి ఏళ్ళ తరబడి పరిశోధన చేయించాయి. ప్లాస్టిక్, మధ్యలో అల్యూమినియం రేకు, మళ్ళీ ప్లాస్టిక్, ఇలా పొరలు అతికించిన పౌచ్ ఆ పరిశోధనల్లో రూపు దిద్దుకుంది. మన రక్షణ శాఖ పరిశోధనశాలలు కూడా మంచుకొండల్లో కాపలా కాసే జవాన్ల కోసం మన పులావుకీ మన హల్వాకీ ఈ విద్యను అన్వయించాయి. తరవాత అది బయటి కంపెనీలకు అందింది. అందుకే ఈరోజు ఏ ఆఫీసు ఉద్యోగి అయినా పౌచ్ చింపి దాల్ మఖనీ వేడి చేసుకోగలుగుతున్నాడు. చదువుతూ పోతే ఇలాంటివి ఎన్నో. వంటింట్లోని మైక్రోవేవ్ యుద్ధకాలపు రాడార్‌కి చుట్టం. ఫోన్‌లో దారి చూపే ఉపగ్రహాలు మొదట సేనలకు దారి చూపడానికి ఎగిరాయి. మెట్రోలో తిరిగి వస్తూ, చుట్టూ ఉన్నవాళ్ళ చేతుల్లో ఏది ఎక్కడి నుంచి వచ్చిందో లెక్క వేసుకోవడం నాకో ఆట.

ఆ మే నెలలో రమణమ్మగారు మా యూనిట్‌కి వచ్చారు. ఆవిడది ఒంగోలు, నాకు పాత పరిచయం. ఢిల్లీ మునిర్కాలో తెలుగు విద్యార్థులకు మెస్ నడుపుతారు. ఢిల్లీలో చదువుకున్న తెలుగు పిల్లల్లో చాలామందికి ఆవిడ పేరు తెలియదు, ‘మెస్ ఆంటీ’ అంటేనే తెలుసు. ఆవిడ వెనకాల సన్నగా ఒక అమ్మాయి నిలబడి ఉంది.

‘‘ఇదిగో లలితమ్మా, ఈ పిల్లను చూడు. మౌనిక. వరంగల్లు. మంచు మీద పరిశోధన అంట. నిరుడు లడక్ కొండల్లోకి పోయి, తిండి సయించక సగంలో దిగొచ్చింది. చీపురుపుల్ల కూడా దీనికంటే లావుంటది’’ అన్నారు రమణమ్మగారు.

‘‘ఆంటీ, అందరి ముందు అట్లనకు’’ అంది మౌనిక సిగ్గుపడుతూ.

విషయం ఆ అమ్మాయే చెప్పింది. హిమనదం పక్కన, బాగా ఎత్తున ఉన్న క్యాంపులో రెండు నెలలుండి మంచు కరుగుదలను కొలవాలి. అక్కడ గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి నీళ్ళు ఎనభై అయిదు డిగ్రీలకు అటూ ఇటూగానే మరిగిపోతాయి. అన్నం ఎలాగో ఉడుకుతుంది గానీ పప్పు ఉడకదు. అంత పైకి కుక్కర్లూ, వాటికి సరిపడా కిరసనాయిలూ మోసుకెళ్ళడం కష్టం. నిరుడు పలుకు పలుకుగా ఉన్న కిచిడీ తినలేక, బిస్కెట్లతో నెట్టుకొచ్చి, చివరికి కళ్ళు తిరిగి పడిపోతే కిందికి దించారు. కొలతలు సగంలో ఆగిపోయాయి.

‘‘ఈసారి గూడ మధ్యల దిగొస్తే టాపిక్ మార్చుకొమ్మన్నరు మా సార్. మూడేండ్ల పని మేడం’’ అంది.

‘‘అందుకని నా ముద్దపప్పు నీ సంచుల్లో పెట్టియ్యి. పైన అన్నంలో కలుపుకుని నెయ్యేసుకుంటే పిల్ల నిలబడతది’’ అన్నారు రమణమ్మగారు. ‘‘బరువంటావా, కిరసనాయిలు డబ్బాలంత ఉండదులే, గుర్రం మోస్తది.’’

మా యజమాని సేఠ్ జీ బయటివాళ్ళ చిన్న చిన్న జాబ్ వర్క్‌లు ఒప్పుకుంటారు కాబట్టి ఇబ్బంది లేకపోయింది. రమణమ్మగారు స్వయంగా మా కిచెన్‌లో నిలబడి పప్పు వండించారు. కందిపప్పు దోరగా వేయించి, మెత్తగా ఉడికించి, మెదిపి, ఉప్పు, పసుపు, ఇంగువ. గరిటెతో మధ్యలో గుంట చేస్తే ఆ గుంట అలాగే నిలబడింది.

‘‘నెయ్యి నిలవాలి కదా. జారిపోయేది ముద్దపప్పు ఎట్లయితది?’’ అన్నారు.

పౌచ్‌లు నింపేటప్పుడు కూడా పక్కనే ఉన్నారు. మేము మామూలుగా పోసేంత పోస్తుంటే ఒప్పుకోలేదు. ‘‘భయ్యా, ఔర్ డాలో. పెట్టేది కడుపు నిండా పెట్టాలి’’ అని ప్యాకింగ్ కుర్రాళ్ళ వెంటపడి ఒక్కో పౌచ్‌ని దిండులా నింపించారు. నికర బరువు మా రాజ్మా పెద్ద పౌచ్‌కి సమానం కావడంతో, రాజ్మా షెడ్యూల్‌తోనే ట్రయల్ బ్యాచ్ నడిపాం. షెడ్యూల్ అంటే ఎంత వేడిలో ఎంతసేపు ఉంచాలో రాసిపెట్టుకున్న పద్ధతి.

ఏ కొత్త వంటకమైనా ముందు ఇంక్యుబేషన్ గదిలోకి వెళ్ళాలి. అది మన ఒంటి వేడి ఉండే వెచ్చని గది. లోపల స్పోర్ ఏదైనా బతికి ఉంటే రెండు వారాల్లో అక్కడ మొలకెత్తుతుంది. వారం తిరక్కుండానే మా ల్యాబ్ ఫుడ్ టెక్నాలజిస్ట్ షాలిని నన్ను పిలిచింది. ట్రేలో అయిదారు పౌచ్‌లు బూరెల్లా ఉబ్బి ఉన్నాయి.

ఉబ్బిన పౌచ్‌ని మా వృత్తిలో ఎవరూ తేలిగ్గా తీసుకోరు. లోపల బతికిన క్రిమి గ్యాస్ వదులుతోందని అర్థం. అందులో ఒక రకం క్రిమి చేసే విషానికి రంగూ రుచీ ఉండవు, మనిషిని చంపుతుంది. కొండ మీద, ఆసుపత్రికి రోజుల దూరంలో ఆ పప్పు తింటే ఏమవుతుందో షాలినికీ నాకూ తెలుసు. బ్యాచ్ మొత్తం నాశనం చేయించాం. మౌనిక బృందం బయలుదేరడానికి మూడు వారాలే ఉంది. కొత్త బ్యాచ్‌కి రెండు వారాల ఇంక్యుబేషన్ తీసేస్తే, తప్పెక్కడుందో కనుక్కోవడానికి మాకు మిగిలింది ఒక్క వారం.

మొదట ఎక్కువసేపు వేడి చేసి చూశాం. అంచుల దగ్గర పప్పు గోధుమరంగుకి తిరిగి మాడు వాసన వచ్చింది. రమణమ్మగారు వేలితో కొంచెం తీసి నాలుక్కి రాసుకుని, ‘‘ఇది పప్పు కాదమ్మా, లేహ్యం. పిల్ల దగ్గుకి వాడుకుంటది’’ అన్నారు. నీళ్ళు కలిపి పలచన చేద్దామని షాలిని హిందీలో అడిగింది. దానికి ఆవిడ, ‘‘నహీ బేటీ. పల్చన చేస్తే అది వేరే వంట. దాని పేరు పప్పుచారు’’ అన్నారు.

ఆ ఆదివారం లైబ్రరీలో సైనికుల ఆహారం మీద ఉన్న పాత పుస్తకాన్ని మళ్ళీ తీశాను. అంతకుముందు రెండుసార్లు చదివిందే. సైనికుడి పౌచ్ పలకలా చదునుగా ఉండాలన్న మాట అందులో ఉంది. జేబులో ఇమడడానికి అని రాశారు, నేనూ అంతవరకే గుర్తుపెట్టుకున్నాను. ఈసారి ఆ పేరా కింద ఇంకో పేరా చదివాను. చదునుగా ఉంటే నడిమధ్యకు వేడి త్వరగా చేరుతుంది, అందుకని మొత్తం తిండిని తక్కువసేపే వేడి చేస్తే చాలు, రుచీ రంగూ చెడవు అని ఉంది. జేబు ఒక కారణం, వేడి ఇంకో కారణం. పుస్తకం మూసి ఫోన్‌లో షాలినికి అప్పుడే మెసేజ్ పెట్టాను: రేపు పొద్దున్నే థర్మోకపుల్ సిద్ధం చెయ్యి.

థర్మోకపుల్ అంటే పౌచ్ నడిమధ్యన గుచ్చే సన్నటి వేడి కొలిచే తీగ. సోమవారం ఒక రాజ్మా పౌచ్‌కీ, ఒక దిండు పప్పు పౌచ్‌కీ తీగలు పెట్టి ఒకేసారి రిటార్ట్‌లోకి పంపాం. తెర మీద రెండు గీతలు బయలుదేరాయి. రాజ్మా గీత చకచకా పైకెళ్ళింది. పప్పు గీత పాకుతూనే ఉంది. రాజ్మా రసం లోపల తిరుగుతూ వేడిని తనే మోసుకెళ్తుంది. ముద్దపప్పు కదలదు, కాబట్టి వేడి పొర పొరా దాటుకుంటూ లోపలికి వెళ్ళాలి. రాజ్మా పని అయిపోయిన సమయానికి పప్పు నడుమ ఇంకా దారిలోనే ఉంది.

రమణమ్మగారిని పిలిచి ఆ గీతలు చూపించాం. నేను కండక్షన్, కన్వెక్షన్ అని మొదలుపెట్టబోతే ఆవిడ చెయ్యెత్తి ఆపారు.

‘‘ఆగాగు. పిండి అదే, పెనమదే. దిబ్బరొట్టె పెట్టి అట్టు టైముకి దించేశాం. అంతేనా?’’

‘‘అంతేనండీ’’ అన్నాను. అన్ని పుస్తకాలు తిప్పినా నాకు అంత మంచి పోలిక తట్టలేదు.

‘‘మరి అట్టే పోద్దాం. ఇందులో ఏముంది?’’ అన్నారు గానీ, సగమే నింపిన పౌచ్‌ని చేతిలో పెట్టగానే ఆవిడ మొహం వాడిపోయింది. ‘‘ఏందిది, ఇట్ల అప్పడంలా ఉంది. పిల్ల నన్ను పిసినారనుకోదూ?’’

‘‘ఒకటి బదులు రెండు చింపుకుంటుందండీ. జవాను కూడా అలాగే తింటాడు.’’

‘‘జవాను కూడా అట్టే తింటాడా?’’

‘‘ఆయన కోసమే ఈ సంచి పుట్టింది.’’

ఆవిడ పౌచ్‌ని ఇటూ అటూ తిప్పి చూసి, ‘‘ఠీక్ హై’’ అన్నారు. తరవాత రోజంతా తనే బల్ల దగ్గర నిలబడి, సీల్ చేసిన ప్రతి పౌచ్‌నీ అరచేత్తో చదును చేసి ఇచ్చారు. నిలబెడితే పప్పు కిందికి జారి ఒకవైపు లావెక్కుతుందని, ట్రేలో రెండు చిల్లుల పలకల మధ్య నొక్కిపెట్టే ఏర్పాటు షాలిని చేసింది. ఈసారి తీగ పెట్టి చూస్తే పప్పు గీత రాజ్మాకు కాస్తే వెనకగా, నిబ్బరంగా ఎక్కింది. మాడు వాసన లేదు. పసుపు పసుపులాగే ఉంది.

ఆ రెండు వారాలూ నేను యూనిట్‌కి రాగానే చెప్పులు విప్పి ముందు ఇంక్యుబేషన్ గదిలోకే వెళ్ళేదాన్ని. రమణమ్మగారు రోజూ ఫోన్ చేసి ఒకటే ప్రశ్న అడిగేవారు: ‘‘ఉబ్బినయ్యా?’’ చివరిరోజు షాలిని నమూనాలు కోసి, ల్యాబ్ పరీక్షలన్నీ చేసి, అన్నీ శుభ్రంగా ఉన్నాయని సంతకం పెట్టింది. ఫోన్‌లో ‘‘ఒక్కటి కూడా లేదండీ’’ అన్నాను. వెంటనే అవతల మెస్‌లో ఎవరినో కేకేస్తున్న గొంతు వినిపించింది: ‘‘ఒరేయ్, ఈరోజు అందరికీ స్వీటు.’’

మౌనిక బృందం రెండురోజుల తరవాత బయలుదేరింది.

ఆగస్టు చివర్లో ఒక మధ్యాహ్నం ఆ అమ్మాయి లేహ్ నుంచి రమణమ్మగారికి ఫోన్ చేసింది. నేను మెస్‌లోనే ఉన్నాను కాబట్టి ఆవిడ స్పీకర్‌లో పెట్టారు.

‘‘ఆంటీ, కొలతలన్నీ అయినయి. ఒక్క దినం గూడ కిందికి దిగలే.’’

‘‘తిన్నావా?’’

‘‘తిన్న. అందరం తిన్నం. మా సార్ బెంగాలీ, ఆయన గూడ తిన్నడు. ఇంకొకటి చెప్పాలె. మేం పోయే తొవ్వల ఒక ఆర్మీ పోస్టున్నది. ఆడ శ్రీకాకుళంల పుట్టిన అన్న ఒకాయన ఉన్నడు. ముద్దపప్పు అని చెప్తే నమ్మలే. పాకెట్ చూపిస్తే, తన రవ్వ హల్వా పాకెట్ నా చేతుల పెట్టి అది గుంజుకున్నడు.’’ మౌనిక నవ్వు ఆపుకుని మళ్ళీ అంది, ‘‘ఆయన పాకెట్టూ మన పాకెట్టూ పక్కపక్కన పెట్టి చూసినం ఆంటీ. ఒక్కటే మందం.’’

సైనికుడి కోసం కనిపెట్టిన సంచి ఎన్నో చేతులు మారి మునిర్కా మెస్‌కి వచ్చింది. అందులో ఒక ఒంగోలావిడ వంట నింపుకుని, ఒక పరిశోధక విద్యార్థిని నిలబెట్టి, తిరిగి ఒక సైనికుడి చేతికే వెళ్ళింది.

అంతకుముందు నేను ఒక వస్తువు ఎక్కడ పుట్టిందో తెలిస్తే చాలనుకునేదాన్ని. ఆ ఆకారంలోనే ఎందుకు పుట్టిందో కూడా అడగాలని ఈ ముద్దపప్పు నేర్పింది. పౌచ్‌ని మేము తీసుకున్నాం, దాని చదునుతనాన్ని వదిలేశాం. సైన్యం వెచ్చించిన ఏళ్ళ పరిశోధనంతా ఆ చదునులోనే ఉంది. ఇప్పుడు కొత్త వంటకం ఏది వచ్చినా, కొత్తగా చేరినవాళ్ళకు నేను మొదట అడగమనే ప్రశ్న ఒక్కటే: ఇది దిబ్బరొట్టా, అట్టా? షాలిని తన హిందీ మధ్యలో ఆ రెండు తెలుగు మాటలూ చక్కగా పలుకుతుంది.

ఆరోజు ఫోన్ పెట్టేముందు మౌనిక, ‘‘ఆ అన్న ఒక మాట చెప్పమన్నడు ఆంటీ. పప్పు మస్తుంది గానీ ఇంగువ జర తక్కువైందట’’ అంది.

రమణమ్మగారు నా వైపు గుర్రుగా చూశారు.

‘‘నేను వేసింది సరిగ్గానే వేశాను. మీ మెషిన్ తినేసింది’’ అన్నారు. ‘‘వచ్చే ఏడాదికి రెండింతలు వేస్తానని చెప్పు మౌనికా. లలితమ్మా, ఆ అబ్బాయికి కూడా ఒక పెట్టె కట్టు.’’