రంగులు లేని బొమ్మ

ప్రొజెక్టరు వేడెక్కి, లోపలి దుమ్ము కాలిన వాసన తరగతిలో పరుచుకోగానే నాకు వసుంధర మేడమ్ గుర్తొస్తారు. నాయుడుపేటలో నేను డిగ్రీ చదివేటప్పుడు ఆమె మాకు బయోకెమిస్ట్రీ చెప్పేవారు. ఆమె చనిపోయి ఏడాది దాటింది.

వాకాడు దగ్గర చేపలు పట్టుకుని బతికే ఊరు మాది. మా నాన్నకు నా మార్కులంటే గర్వం. పుస్తకంలోని ఏ బొమ్మనైనా చూడకుండా గీసి, భాగాలకు పేర్లు పెట్టేదాన్ని. ఒకరోజు మేడమ్ తెర మీద హిమోగ్లోబిన్ బొమ్మ వేశారు. పేర్లు తీసేశారు, రంగులూ తీసేశారు. అంతా బూడిదరంగు. ఇదే పరీక్ష అని, ఒక్కొక్కరినే పిలిచి ఏం కనిపిస్తోందో చెప్పమన్నారు.

"రిబ్బన్లు చుట్టుకోని ఉండాయి మేడమ్," అన్నాను.

"నిజంగా రక్తంలో ఆ రిబ్బను ఉంటుందా?"

"ఉంటుంది మేడమ్. బొమ్మలో ఉండాది గదా!"

ఎవరూ నవ్వలేదు. అందరం అదే అనుకుంటున్నాం.

"అది ప్రోటీను గొలుసు ఎట్లా మెలి తిరిగిందో చూపించే గీతేనమ్మా. అసలు అక్కడ పరమాణువులు కిక్కిరిసి ఉంటాయి. అన్నీ గీస్తే దారి కనపడదని వదిలేసినారు. ఏం గీసినారో చూసినావు. ఏం వదిలేసినారో కూడా చూడాల."

ఆ పరీక్షలో దాదాపు అందరం తప్పాం. తల్లిదండ్రులు వచ్చి గొడవ చేశారు. మార్కులు కలపమని ప్రిన్సిపాల్ గారు మా ముందే అడిగారు.

"రాని మార్కులు ఎట్లా వేసేది సార్? వాళ్ళకి రాలేదంటే నేను సరిగా చెప్పలేదని. మళ్ళీ చెప్తా, మళ్ళీ అడుగుతా," అన్నారామె.

అన్నట్టే సాయంత్రాలు ఉండిపోయి చెప్పారు. రెండోసారి నన్ను పిలిచినప్పుడు ఇంకో బొమ్మ. చూసినంతా చెప్పి, ఒక చుక్కల గీత దగ్గర ఆగిపోయాను. "ఇది దేనికో నాకు తెలియదు మేడమ్," అన్నాను. ఆమె తలూపి, పక్కన కూర్చోబెట్టుకుని ఆ గీత సంగతి చెప్పారు.

ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం. మరుసటి ఏడు కాలేజీ వాళ్ళు ఆమెను మళ్ళీ తీసుకోలేదు. బస్టాండులో సాగనంపుతూ నేను ఏడుస్తుంటే, "మీ వల్లే పోతున్నాననుకోబాక. మీరు చూడటం నేర్చుకున్నారు. నాకు అది చాలు," అన్నారు. బస్సు కదిలింది. మళ్ళీ ఆమెను చూడలేదు.

ఇప్పుడు నెల్లూరులో నేనూ పాఠం చెబుతున్నాను. సరైన జవాబు వచ్చినా, "ఎట్లా తెలిసింది?" అని అడగకుండా మార్కు వేయలేను. దీనికి టైమెక్కడుందని తోటివాళ్ళు విసుక్కుంటారు. మొన్న ఒకమ్మాయి బొమ్మ ముందు నిలబడి, అర్థం కావడం లేదని తల దించుకుంది. వెనక వరసలో పిల్లలు గడియారం చూసుకుంటున్నారు. నేను ఒక కుర్చీ నా పక్కకు జరిపి, ఆ అమ్మాయిని కూర్చోమన్నాను.