గాలి లేని కోర్టు

కొత్త ఇండోర్ హాలు ప్రారంభమైన రోజున ఓడిపోయి, ఆ సిగ్గుతో వలల అత్త ఆట మానేసిందనీ, చివరికి ఆ హాలే ఊడ్చుకుని బతుకుతోందనీ దీవిలో చెప్పుకుంటారు. ఆ మాట చెవిన పడితే ఆమె మేనకోడలికి ఒళ్ళు మండుతుంది.

అత్త రేవు పక్కనున్న షెడ్డులో చిరిగిన వలలు బాగుచేసేది. పనికిరాని ముక్కలు కలిపి ఆడవాళ్ళ కోసం వాలీబాల్ నెట్ అల్లింది కూడా ఆమే. అప్పట్లో మైదానం ఎక్కడుంది? సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బయటపడే తడి ఇసుకే కోర్టు. మడమతో గీతలు గీసుకుని, నీళ్ళు మళ్ళీ వచ్చేలోగా ఆట ముగించేవారు. చిన్నప్పుడు మేనకోడలిది చెప్పుల కాపలా. అదేమన్నా మాటలా! కాస్త ఏమరుపాటుగా ఉంటే అల వచ్చి జతలో ఒకటి ఎత్తుకుపోయేది.

అత్త సర్వీసు చూసి తీరాలి. బంతిని కావాలనే గీత బయటికి కొట్టేది. సముద్రపు గాలి దాన్ని నెమ్మదిగా తోసుకొచ్చి లోపల పడేసేది. అవతలివాళ్ళు నోరు వెళ్ళబెట్టేవారు.

హాలు కట్టాక దీవి సంఘం పెద్ద ఆడవాళ్ళకి తేల్చి చెప్పాడు. "అవతలి ఒడ్డు జట్టు మీద గెలిస్తే సాయంత్రాలు మీవి. లేదంటే కుర్రాళ్ళకే."

నాలుగు గోడల మధ్య అత్త మొదటి బంతి గీత బయటికి వెళ్ళి, బయటే పడింది. రెండోదీ అంతే.

"ఏంటొదినా, గాలిని ఇంట్లో మర్చిపోయొచ్చావా?" అంది జట్టులో ఒకామె.

"ఉండవే! బుర్రకి తెలుస్తోంది, చెయ్యి వింటే కదా!"

చెయ్యి మాట వినేసరికి ఆట అయిపోయింది. కుర్రాళ్ళు ఈలలు వేశారు. అత్త మొహం తుడుచుకుని తిన్నగా సంఘం పెద్ద దగ్గరికి వెళ్ళింది.

"అన్నయ్యా, హాలు ఊడ్చడానికి మనిషిని పెట్టారా?"

"ఇంకా లేదమ్మా. నీకెందుకిప్పుడు?"

"నేను ఊడుస్తాలెండి."

ఆయన జాలిపడి సరేనన్నాడు. అక్కడున్నవాళ్ళు చూసింది అంతవరకే.

హాలు తాళంచెవి ఊడ్చేవాళ్ళ దగ్గరే ఉంటుంది. రోజూ కుర్రాళ్ళు నిద్ర లేవకముందే అత్తా, మిగతా ఆడవాళ్ళూ అక్కడ ఆడుకుంటారు.