ఖాలా కుట్టిచ్చిన గుండీల పట్టీ

పోయిన బేస్తవారం పొద్దున మా ఎదురింటి ఖాలా పోయింది. మదనపల్లె ఆస్పత్రి నుంచి ఆమె కోడలు ఫోన్ చేసి చెప్పింది. పుంగనూరులో మా వీధికంతా ఆమె ఖాలానే, పిన్నమ్మ అన్నట్టు. రవికలు కుట్టే మనిషి. నాకైతే బిడ్డను ఆస్పత్రికి ఎట్లా తీసుకపోవాలో నేర్పించిన మనిషి. ఆ మాట ఆమె బతికుండగా నేను అననే లేదు.

మా పాపకి ఏడేండ్లప్పుడు బ్లడ్ క్యాన్సర్ అన్నారు. బెంగళూరులో చేర్చమన్నారు. అప్పుడు నేను చేసిన ఘనకార్యం ఏందంటే, కుప్పంలో అవ్వ ఇంటికి పోతాండామని పాపతో చెప్పడం. నిజంగానే కుప్పం పోయినాము, అవ్వ చేత ఓలిగలు తినిపించినాము, మర్నాడు రైలెక్కించి తిన్నగా ఆస్పత్రికి తీసుకపోయినాము. సూది గుచ్చినప్పుడు పాప ఏడవలేదు. నా మొహం చూసింది. ఆ చూపు నేను చచ్చేదాకా మరవను.

రెండోసారి చేరాల్సిన తేదీ వచ్చింది. ఆ తేదీ తప్పితే వైద్యం దెబ్బతింటుందని డాక్టరు ముందే గట్టిగా చెప్పినాడు. పాప మంచం కోడు పట్టుకుని కూర్చునింది. అంగడికి రమ్మన్నా రాదు. కుప్పం నుంచి అవ్వ వస్తే ఆమె దగ్గరికి కూడా పోలేదు. బతిమాలినాను, అరిచినాను, ఒక దెబ్బ కూడా వేసినాను. జబ్బుతో ఉన్న బిడ్డను కొట్టిన తల్లిని నేను.

ఆ అరుపులు విని ఖాలా మెడలో టేపుతోనే వచ్చింది. నన్ను పలకరించను కూడా లేదు. పాప పక్కన నేలమీద కూర్చుని, చొక్కాలకు కొలతలు కావాల అనింది. యాడికి పోయేదానికి అని పాప అడిగింది.

"ఆస్పత్రికే. సూది ఉంటాది, నొప్పి ఉంటాది. ఐదు దినాలు. మీ అమ్మ పక్కనే ఉంటాది."

"కుప్పం కాదా?"

"కాదు బేటీ."

పాప మంచం కోడు వదిలి చేతులు చాపింది.

వాకిట్లోకి వచ్చినాక నాకు చీవాట్లు పడినాయి. కొలత అబద్ధం చెప్తే రవికే సరిపోదు, బిడ్డ దగ్గర అబద్ధం ఎట్లా సరిపోతాదమ్మా అని అడిగింది.

మందు ఎక్కించేదానికి ఛాతీకి ట్యూబు ఉంటాది కాబట్టి, ముందర తెరుచుకునే చొక్కాలు పాత నూలు చీరలతో కుట్టింది. ఉతికి, ఎండకేసి, ఇస్త్రీ చేసి ఇచ్చింది. సంచి సర్దేది పాపేనని ఆమె రూలు. నేను చెయ్యి పెడితే టేపుతో ఒకటి తగిలించేది. అన్నిటికన్నా పైన ఒక గుడ్డ పట్టీ, దానికి ఐదు గుండీలు, ఐదు కాజాలు. దినానికొక గుండీ పెట్టాల, అన్నీ పెడితే ఇంటికి. ప్రతిసారీ ఎన్ని దినాలైతే అన్ని గుండీలు. ఒకసారి జ్వరమొచ్చి దినాలు పెరిగినాయి. ఏం చేసేదని ఫోన్ చేస్తే, సంచి అడుగున సూదీ దారం, మూడు గుండీలు ఉండాయి చూడు, దాయకుండా పాప ముందరే కుట్టు అనింది. కుట్టినాను. నా కాజాలు వంకరటింకరగా వచ్చినాయి. అవి చూసి పాప నవ్వింది. ఆ ఆస్పత్రిలో పాప నవ్వింది అదే మొదలు.

మందులన్నీ అయిపోయినాయి. ఇప్పుడు పరీక్షలకు మాత్రం పోయొస్తాండాము. కుప్పం పోదామంటే పాపే ముందు బస్సెక్కుతాది.

ఖాలాకి గుండె జబ్బు ముదిరి, ఆ బేస్తవారానికి ముందు సోమవారం మదనపల్లెలో చేర్చినారు. కష్టమని డాక్టరు చెప్పిన సంగతి కోడలు నాతో అనింది. ఖాలాతో మాత్రం ఊరికే చెకప్పన్నాము. ఖాలాకి ఇచ్చేదానికని పాప తానే ఒక పట్టీ కుట్టడానికి కూర్చుని, ఎన్ని గుండీలమ్మా అని అడిగింది. ఐదు అన్నాను. అంత జరిగినా నాకు బుద్ధి రాలేదు.

మదనపల్లె పోయి పట్టీ చేతికిస్తే ఖాలా తిప్పి తిప్పి చూసింది, తర్వాత నన్ను చూసింది. "ఐదేనా అమ్మా?" అనింది. నేను తల దించుకున్నాను. ఆమె కోపపడలేదు. పాప తల నిమిరి, కుట్టు బాగుండాదని మెచ్చుకుని, మొదటి గుండీ పెట్టింది.

ఆమె సామాన్లతో పాటు పట్టీ తిరిగొచ్చింది. బేస్తవారం పొద్దున్నే ఖాలా కోడలి చేత లేపించుకుని కూర్చుని, మిగిలిన గుండీలన్నీ ఒకేసారి పెట్టిందంట. ఇంకా దినాలు ఉండాయి కదా అని కోడలంటే, ఇంటికి పోతాండాను అనిందంట.

ఆ పట్టీ ఇప్పుడు మా గోడకు మేకు మీద ఉండాది. ఐదు గుండీలూ పెట్టినవి పెట్టినట్టే ఉండాయి. పాప రోజూ దుమ్ము దులుపుతాది, ఒక్కటి కూడా విప్పదు.