వెనక్కి తీసుకున్న పంపరపనస తొనలు

తొంభైలలో ఓ మధ్యాహ్నం తమిళనాడులో విరుదునగర్ నుంచి కోవిల్‌పట్టి వెళ్లే బస్సులో, పక్క సీటు పెద్దావిడ వత్రాప్ ఊరి తోటల పంపరపనస ఒలిచి నాకూ నాలుగు తొనలు పెట్టింది. అప్పటిదాకా మేం మాట్లాడింది అరవమే. దవడ నరం నొప్పికి డాక్టరు రాసిన మాత్ర మింగి, ఆ చేదు పోవాలని తొన నోటిదాకా తెచ్చాను. ఆవిడ మాత్రల అట్ట చూసి, గబుక్కున నా చేతిలోవన్నీ లాక్కుంది.

"వొద్దుమ్మా! మా ఇంటాయనకీ ఇదే మాత్తర. దీని మింద ఈ పండు తిని, తల తిరిగి మగ్గం మింద పడిపోయినాడు. పండు తింటే మందు వొంట్లో ఎక్కువైపోతాదని డాక్టరు చెప్పినాడు," అంది, కంగారులో తెలుగులోకి వచ్చేసి. మా ఇంట్లోనూ అదే భాష.

పెట్టిన తిండి వెనక్కి తీసుకోవడం మావాళ్లలో పెద్ద తప్పు. బస్సులో అందరూ చూశారు. నాకు సిగ్గేసింది, కోపమూ వచ్చింది. ఆవిడ అదేం పట్టించుకోకుండా తొనలు కొంగులో కట్టుకుని, సంచిలోంచి అరటిపండు తీసిచ్చింది.

తర్వాత మా డాక్టర్ని అడిగితే నిజమేనన్నాడు. ఆవిడ పేరైనా నేను అడగలేదు.

ఇప్పటికీ ఇంటికొచ్చినవాళ్లకు పళ్లు కోసి పెట్టేముందు, ఏం మాత్రలు వాడుతున్నారని అడుగుతాను. కొందరు నొచ్చుకుంటారు. నొచ్చుకోనీ అని ఊరుకుంటాను.