నస్రీన్ బౌలింగ్ కుర్తా

కరోనా తర్వాత ఫ్యాక్టరీలు మళ్లీ మూడు షిఫ్టులు నడవడం మొదలుపెట్టిన ఏడాది అది. పటాన్‌చెరు బస్టాండుకు దగ్గర్లో నా లేడీస్ టైలరింగ్ దుకాణం. జాకెట్లు, పంజాబీ డ్రెస్సులు, అప్పుడప్పుడు ఆప్రాన్లు, ఇదే నా లోకం. నస్రీన్ వచ్చేదాకా ఆటల బట్టలు కుట్టమని నన్నెవరూ అడగలేదు.

నస్రీన్ మా వీధి పిల్లే. మందుల ఫ్యాక్టరీ ల్యాబులో పని. ఆ రోజు చినిగిన రెడీమేడ్ కుర్తా ఒకటి నా బల్ల మీద పడేసి, కుర్చీలో కూలబడింది. కంపెనీ వాళ్లు తెల్లాపూర్ వైపు ఒక మాల్‌లో బౌలింగ్ పోటీ పెట్టారట. బరువైన బంతిని నున్నటి చెక్క నేల మీద దొర్లించి, చివర నిలబెట్టిన పిన్నులను పడగొట్టే ఆట. ప్రాక్టీసులో ఈమె ముందుకు వంగి బంతి వదలగానే భుజం వెనక కుట్టు పర్రున విడిపోయింది. వెనక ల్యాబు వాళ్లంతా నిలబడి ఉన్నారు.

“శనివారం అసలు మ్యాచ్ అక్కా. మా టీముల ఆడపిల్లను నేనొక్కదాన్నే. మళ్ల గిట్లనే అయితే ఇగ డ్యూటీకి పోను.”

“కుర్తా చినిగితే నౌకరీ ఇడిసిపెడ్తవా? మంచిగున్నది నీ లెక్క,” అన్నాను. ఆమె కళ్లు చూశాక ఎగతాళి మానేశాను. “టీషర్టు ఏసుకోరాదు?”

“అమ్మీ ఒప్పుకోదు. నాకు గూడ మనసొప్పది. పొడుగు చేతులుండాలె, నడుము కిందిదాక రావాలె. అందుకే పెద్ద సైజు తెచ్చుకున్న. లూజుంటే చినగదనుకున్న.”

అక్కడే వచ్చింది చిక్కు. మా దగ్గరికి వచ్చే తల్లుల్లో పిల్లకు లూజు కుట్టమనని తల్లి లేదు. డ్రెస్సులో చెయ్యి దూరే గుండ్రటి కోతను ఆర్మ్‌హోల్ అంటాం. అది వదులై కిందికి జారితే, చెయ్యి లేపినప్పుడల్లా డ్రెస్సు మొత్తం పైకి లేస్తుంది, లాగుడంతా కుట్టు మీద పడుతుంది. చంకకు దగ్గరగా ఉంటేనే చెయ్యి హాయిగా ఆడుతుంది. ఈ మాట చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పెట్టింది తప్ప ఎవరూ విన్నది లేదు.

కొంచెం సాగే కాటన్ తెప్పించి, కొత్త కుర్తా కత్తిరించి ఆర్మ్‌హోల్ పైకి జరిపాను. చంక కింద గస్సెట్, అంటే చిన్న నలుపలకల ముక్క, కలిపాను. కాలు బారుగా చాపేందుకు పక్క చీలికలు పెంచాను. చున్నీ జారి కాళ్లకు అడ్డం పడకుండా, అసలు దాని అవసరమే లేకుండా, ఎద మీద బట్ట రెండు పొరలు వేశాను.

కొలత చూడ్డానికి తాత్కాలికంగా వేసే కచ్చా కుట్టు మీద తొడిగించి, చల్లారిన ఇస్త్రీ పెట్టె చేతికిచ్చాను. “ఇదే నీ బంతి. మంచిగ ఊపు. ఇడిసిపెట్టకు, నా అద్దం పోతది.”

నవ్వుతూనే ఊపింది. ముందుకు వంగగానే వీపు మీద కుట్టు విడిచింది. ఆమె ముఖం పాలిపోయింది.

“ఈడ చినిగితే మనిద్దరమే చూసినం బిడ్డా. సంతోషపడు,” అన్నాను. వంగినప్పుడు విచ్చుకునేలా వీపు మధ్యలో ఒక మడత పెట్టి మళ్లీ కుట్టాను. ఈసారి పెట్టె ఎంత ఊపినా దారం కదల్లేదు.

శనివారం నాకు పని సాగలేదు. ఒక జాకెట్‌కు హుక్కులు తలకిందులుగా కుట్టాను. ఇస్త్రీ పెట్టెకు ఆగిన కుట్టు అక్కడ ఆగుతుందా అని ఒకటే గుబులు. సాయంత్రం ఫోన్ మోగింది.

“ఓడిపోయినం అక్కా.”

“అది తర్వాత. కుట్టేమైంది?”

“కుట్టుకేం కాలే,” అంది. “ఆట మొత్తం అయినంక యాదికొచ్చిందక్కా. ఒక్కసారి గూడ ఎన్కకు చెయ్యి పెట్టి కుర్తా గుంజుకోలే. బట్ట సంగతే మర్చిపోయిన.”

నా గుండె కుదుటపడింది. ఇన్నేళ్లలో నా కుట్టును చాలామంది మెచ్చుకున్నారు గానీ, ఇంతకు మించిన మాట నేను వినలేదు.

కొలతలు తీసేటప్పుడు మేం టైలర్లం మొదట అనే మాట “కదలకు”. వచ్చినవాళ్లు రాయిలా నిలబడతారు, ఆ రాయికే మేం బట్ట కుడతాం. ఇప్పుడు నేను టేపు తీసేముందు చేతులు లేపమంటాను, వంగమంటాను, ఈ బట్టలో ఏం పని చేస్తారని అడుగుతాను. కొందరు సిగ్గుపడి చేతులు కట్టుకుని నిలబడతారు. వాళ్ల చేతికి ఇస్త్రీ పెట్టె ఇస్తాను.