పియానో దొరగారి పెళ్ళి

గోదారికి ఎర్రనీళ్ళు తగిలే రోజుల్లో పులస పులుసు వాసన గాలికి వస్తే మా బ్రాహ్మణవీధిలో తలుపులు మూసుకుంటాయి. నాకు మాత్రం పదేళ్ళప్పుడు చెప్పవలసి ఉండీ మింగేసిన మాట గుర్తొస్తుంది.

రాజమండ్రి ఏటిగట్టున ఉండే పియానో దొర ఇంగ్లండులో గొప్ప జమీందారీ ఇంట పుట్టినవాడు. చేపలు పట్టే పల్లెకారుల ఆడపడుచు నూకమ్మతో కాపురం పెట్టాడని తోటి దొరలు ఆయన గడప తొక్కడం మానేశారు. మా నాన్నగారు ఆయనకు దుబాసీ. నాన్నగారి వెంట వెళ్ళి, చీమలు పట్టకుండా నీళ్ళగిన్నెల్లో కాళ్ళు పెట్టుకుని నిలబడ్డ ఆ పియానో దగ్గర, ముసురుకు బిగిసిన మీటలను దొర కుంపటి సెగతో ఆరబెడుతుంటే, ఆయన కూతురు లిల్లితో కలిసి ఎన్ని మధ్యాహ్నాలు గడిపానో. దొర తింటూ తింటూ లేచి వాయించడానికి వెళ్ళేవాడు.

“పులుసు ఆరిపోతే మళ్ళీ కాచనండి. ఆ పెట్టె రేపూ ఉంటది,” అనేది నూకమ్మ.

“పులస పాడదు కదా, నూకమ్మా.”

“పాడకపోయినా కడుపు నింపుద్ది.”

ఆ శ్రావణంలో జ్వరంనుంచి లేచిన దొర, నాన్నగారు ఊళ్ళో లేని రోజున, నూకమ్మ మెడలో పసుపుతాడు కట్టాడు. చూసినవాళ్ళం ఆమె తండ్రి, లిల్లి, నేను. నాకు ఒడుగైన ఏడాదే, ఆ ఇంట బెల్లం పాయసం రెండుసార్లు వేయించుకు తిన్నాను.

కార్తీకంలో జ్వరం తిరగబెట్టి దొర పోయాడు. నూకమ్మ తండ్రి అప్పటికే వేటకు వెళ్ళి సముద్రంలో కలిసిపోయాడు. దొర అన్నగారు వచ్చి, నూకమ్మ భార్య అయితే ఇల్లు ఆమెకే వదిలేస్తాననీ, పనిమనిషి అయితే ఖాళీ చెయ్యాలనీ, పెళ్ళికి బయటి సాక్షి కావాలనీ అన్నాడు. నాన్నగారు అది తెలుగులో చెప్పి నావైపు తిరిగారు.

“నువ్వెప్పుడూ ఇక్కడే ఉంటావు కదరా. పెళ్ళేమైనా చూశావా?”

చూశానంటే తిన్నావా అని అడుగుతారు. తిన్నానంటే ప్రాయశ్చిత్తం, ఇంటిల్లిపాదికీ వెలి. తల దించుకున్నాను. నూకమ్మ నన్ను చాలాసేపు చూసింది.

“బాబుకేం తెలుస్తదండి, చిన్నోడు. వదిలేయండి.”

ఆ సాయంత్రమే మూటతో, లిల్లితో పడవెక్కింది.

ఇప్పుడా ఇల్లు లేదు, నూకమ్మ లేదు. నాన్నగారూ పోయారు. మొన్న నరసాపురం రేవులో, పదిమంది మధ్య వల అల్లుకుంటున్న లిల్లిని కలిశాను. జరిగినదంతా చెప్పాను.

“మెల్లగా అనండి, అందరూ వింటన్నారు,” అంది.

“వినాలనేనమ్మా. మీ అమ్మగారు దొరగారి భార్య. ఆ పెళ్ళి నేను కళ్ళారా చూశాను. ఆవిడ నన్ను కాపాడింది, నేను ఆవిణ్ణి వీధిలో నిలబెట్టాను. తప్పు నాది. క్షమించమ్మా.”