చుక్కలక్క పంతం

కంప్యూటరు తెరమీద హెచ్చరిక కనబడగానే చదవకుండా ‘సరే’ నొక్కడం మానవజాతి సాధించిన ఉమ్మడి విజయాల్లో ఒకటి. మతాలూ పార్టీలూ విడదీసిన మనుషులు ఆ ఒక్క నొక్కుడు దగ్గర ఏకమవుతారు. అంతటి మహాప్రవాహానికి ఎదురీదిన మనిషి మా బస్సు డిపోలో ఉంది. ఆవిడ హెచ్చరికను మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా గొంతెత్తి చదువుతుంది. చదివాక ‘వద్దు’ నొక్కుతుంది. చరిత్రకారులు ఈ సంగతి పట్టించుకోకపోవడం వారి దురదృష్టం.

టికెట్ల కిటికీ వెనక కూర్చునే ఆవిణ్ణి అందరూ చుక్కలక్క అంటారు. డ్రైవర్లూ కండక్టర్లూ మెకానిక్కులూ కలిసి పాడే బృందానికి పాటలు నేర్పేది ఆవిడే. పై స్థాయిలో పాడవలసిన స్వరానికి నెత్తిమీద, కింది స్థాయి స్వరానికి కాళ్ళ దగ్గర చుక్క పెడుతుంది. పేరు అలా వచ్చింది. ఇన్నేళ్ళూ ఎవరెవరి పాటలో పాడించి, ఈసారి డిపో వార్షికోత్సవానికి మొదటిసారి తన సొంత బాణీ కట్టింది. ఆఫీసు కంప్యూటర్లో, టికెట్ల వివరాలు కొట్టుకునే ఎడిటర్లోనే చుక్కలతో సహా టైపు చేసింది.

బృందానికి కార్యదర్శి స్టోరుకీపరు. చుక్కలక్కకి అక్క మొగుడు. ఏనాడూ ఏ హెచ్చరికా చదివిన పాపాన పోలేదు. ఉత్సవం రోజు పొద్దున్నే ‘సరే’ నొక్కి ప్రింటు తీశాడు. ఆ ఎడిటరుది పాతకాలపు ఎన్‌కోడింగు. దానికి అక్షరాలూ అంకెలూ తెలుసు, చుక్కలు తెలియవు. తెలియని చోటల్లా ప్రశ్నార్థకం పడేసి చేతులు దులుపుకుంది. బృందం క్రమశిక్షణ గలది. ప్రతి స్వరాన్నీ కనుబొమలెత్తి, అనుమానంగా పాడింది.

“ఇది పాటా, పోలీసు విచారణా?” అంది చుక్కలక్క.

బావగారు ఏమాత్రం నొచ్చుకోలేదు. ఫైలుకి కాపీ ఒకటి తీసుకుని, అందులో చుక్కలన్నీ ఏరేసి మళ్ళీ ప్రింటు తెచ్చాడు. “చూడు మరదలా, కడిగిన ముత్యంలా ఉంది.”

“ముత్యమే. చివరి చరణంలో పైకెక్కాల్సిన ‘స’ కాస్తా చుక్క పోయేసరికి కిందికొచ్చి కూర్చుంది. వినండి.” రెండు రకాలుగానూ పాడి చూపించింది. “మొదటిది నేను కట్టింది. రెండోది మీరు కట్టింది.”

“నాకు రెండూ ఒకేలా ఉన్నాయి.”

“మా అక్క వంటా క్యాంటీను వంటా కూడా మీకు ఒకేలా ఉంటాయిగా.”

“ఆ మాట మీ అక్క దగ్గర అనకు తల్లీ! సాయంత్రం టీ వేళకి కాగితాలు రాకపోతే మాత్రం పోయినేటి పాటే పాడిస్తా. చుక్కలు లేకపోతే ఏమంత మునిగిపోతుంది?”

“చుక్కలు లేకుండా పాడితే అది ఎవరి పాటైనా కావచ్చు, నాది కాదు. కాగితం వచ్చేదాకా ఈ కుర్చీలోంచి లేవను. ఏం చేసుకుంటారో చేసుకోండి.”

టికెట్ల కిటికీ తోటి గుమాస్తాకి అప్పగించి కూర్చుంది. ఏం జరుగుతోందని అడిగిన ప్రతివాడికీ చివరి చరణం రెండు రకాలుగానూ పాడి వినిపించింది. డీజిలు చీటీకి వచ్చిన డ్రైవరుకీ, సెలవు అడగడానికి వచ్చిన కండక్టరుకీ, దారితప్పి వచ్చిన మెకానిక్కుకీ అదే శిక్ష. అందరూ బృందంలో వాళ్ళే కాబట్టి మొదటి రకాన్నే కూనిరాగం తీస్తూ వెళ్ళారు. తర్వాత అసలు ఫైలు తెరిచి ప్రింటు నొక్కి, హెచ్చరికను పైకి చదివింది: “కొన్ని గుర్తులు ఈ ఎన్‌కోడింగులో ఇమడవు. ముద్రిస్తే పోవచ్చు. కొనసాగించాలా? లేకపోతే వేరే ఎన్‌కోడింగు ఎంచుకోండి.”

ఆ ‘లేకపోతే’ దాకా ఆ డిపోలో ఇంకెవరూ ఏనాడూ చేరుకోలేదు. ఆవిడ ‘వద్దు’ నొక్కి, అన్ని గుర్తుల్నీ ఇముడ్చుకునే యూనికోడ్ ఎంచుకుంది. ఈసారి ప్రశ్నార్థకాలు పోయి ఖాళీ డబ్బాలు వచ్చాయి.

“అభివృద్ధే,” అన్నాడు బావగారు. “ఈ పెట్టెలు బస్సు పైన వేయించమంటావా?”

“వేయించండి. పక్కన మీరూ కూర్చోండి.” ఎన్‌కోడింగుకి చుక్కలు తెలిసినా ఫాంటుకి తెలియవని ఆవిడకి అర్థమైంది. ఒక్కో ఫాంటే మారుస్తూ పోయింది.

అంతలో మేనేజరు వచ్చాడు. “ఆఫీసు కంప్యూటర్లో సెట్టింగులు మార్చాలంటే నా పర్మిషన్ కావాలమ్మా.”

“మార్చేశానండీ. ఇక మీరు పర్మిషన్ ఇవ్వడమే మిగిలింది.”

మేనేజరు ఆలోచనలో పడ్డాడు. ఆయన తేలేలోపు ప్రింటరు గురగురమని కాగితం బయటికి తోసింది. చుక్కలక్క దాన్ని వెలుతురుకి ఎత్తిపట్టి, వేలితో రుద్ది చూసింది. ‘స’ నెత్తిమీద చుక్క. ఈగ కాదు, సిరా మరక కాదు. టీ బండి అప్పుడే గేటు దాటి లోపలికి వస్తోంది.

ఆ సాయంత్రం చివరి చరణం ఎక్కవలసిన చోటికి ఒక్క మెట్టూ తప్పకుండా ఎక్కింది. బావగారు సైతం తలెత్తి చూశాడు. ఇదంతా చక్కటి ప్రింటింగు మహిమేనని మేనేజరు వేదికమీద ప్రకటించాడు.

కాగితాలు గాయకులందరి చేతుల్లోనూ ఉన్నాయి. కళ్ళజోళ్ళు మాత్రం బస్సుల్లోనే ఉండిపోయాయి.